కోనసీమలో గేదెలు, గొర్రెల పక్కన చిన్న లామాలను పెంచడం ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: రాజోలు రైతు

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర, వశిష్ఠ గోదావరి గట్టుకు ఫర్లాంగు దూరంలో ఉన్న పల్లె. ఎకరన్నర కొబ్బరితోట, రెండెకరాల వరిచేను ఉన్నాయి. తోటలోని పాకలో 4 ముర్రా గేదెలు, దాని పక్కన వెదురు దడి కట్టిన దొడ్డిలో 18 నెల్లూరు గొర్రెలు ఉన్నాయి. పోయిన కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున ఊరకుక్కలు దడి కింద మట్టి తవ్వుకొని లోపలికి దూరి మూడు గొర్రెపిల్లలను చంపేశాయి. నేను లాంతరు పట్టుకొని వెళ్లేసరికి ఒక తల్లిగొర్రె ఆ తవ్విన గోతి దగ్గరే నిలబడి అరుస్తోంది. ఆ రోజంతా అది మేత ముట్టలేదు.

అప్పటినుంచి కాపలా గురించి ఆలోచిస్తూ ఉండగా, విదేశాలలో గొర్రెల మందకు లామాలను, అంటే ఒంటె కుటుంబానికి చెందిన, ఒంటినిండా ఉన్ని ఉండే దక్షిణ అమెరికా జంతువులను, కాపలా పెడతారని తెలిసింది. వాటిలో భుజం దగ్గర 38 అంగుళాలకు మించని చిన్న రకం కూడా ఉందని, తక్కువ మేతతో సరిపెట్టుకుంటుందని విన్నాను. మా అమ్మాయికి వాటి ముఖం చూస్తేనే ముచ్చట. అయితే మా గేదెలతో ఒకే పాకలో వాటిని కట్టవచ్చునా, మనం వేసే వరిగడ్డి, తవుడు వాటికి సరిపోతాయా, ఒక్కటి తెస్తే చాలునా అన్నవి నా సందేహాలు. ఒక అమ్మకందారు సగం సొమ్ము ముందుగా పంపితే జంతువును ఇంటికే చేరుస్తానని అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, అమలాపురం

రాజోలు రైతు గారికి నమస్కారం. మొదట సొమ్ము మాట చెబుతాను. విదేశాల నుంచి మన దేశంలోకి వచ్చే పశువులకు 1898 నాటి పశువుల దిగుమతి చట్టం వర్తిస్తుంది. ప్రభుత్వ అనుమతి, బయలుదేరిన దేశపు ఆరోగ్య ధ్రువపత్రం, ఇక్కడి క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించిన కాగితం చూపలేని వారికి దయచేసి ఒక్క రూపాయి కూడా పంపకండి.

ఇక అసలు సంగతి వాతావరణం. లామా పెరూ, బొలీవియా దేశాలలోని ఆండీస్ పర్వతాల మీద, సముద్రమట్టానికి మూడు నాలుగు వేల మీటర్ల ఎత్తున, రాత్రిళ్లు గడ్డకట్టే చలిలో, పొడిగాలిలో తరతరాలుగా బతికిన జంతువు. మన ఊళ్లు సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. లామాలు పెంచేవారు ఒక లెక్క వాడతారు: ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకు గాలిలోని తేమ శాతాన్ని కలుపుతారు. మొత్తం 120 లోపు ఉంటే భయం లేదు, 150 దాటితే జాగ్రత్తపడాలి, 180కి చేరితే ప్రాణాపాయం. మనకు మే నెలలో 38 డిగ్రీల సెల్సియస్ అంటే సుమారు 100 ఫారన్‌హీట్. దానికి 70 శాతం తేమ కలిపితే 170 అవుతుంది. వానాకాలంలో 32 డిగ్రీలకు దిగినా తేమ 85కు చేరుతుంది కనుక మొత్తం మళ్లీ 175 దగ్గరే నిలుస్తుంది. రాత్రి అయినా గాలి చల్లబడని రోజులు మనకు ఎన్నో. గేదె చెరువులో దిగి ఒళ్లు చల్లబరచుకుంటుంది; లామాకు ఆ అలవాటు లేదు, పైగా ఒంటినిండా ఉన్ని.

గేదెల పక్కన కట్టవచ్చునా అన్న మీ ప్రశ్నకు నా జవాబు కూడదనే. దానికి కారణం కొమ్ములు కాదు, జోరీగలు. జోరీగ ఒక పశువును కుట్టి మరొకదాని మీద వాలినప్పుడు సర్రా వ్యాధి కలిగించే పరాన్నజీవి రక్తంలోకి చేరుతుంది. గేదెలలో చాలాసార్లు ఇది పైకి కనిపించకుండా నెలల తరబడి ఉండిపోతుంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక వానాకాలంలో నన్ను పిలిపించిన ఇంట్లో, పాలిచ్చే గేదె పాకలోని తాటి స్తంభానికి నుదురు ఆనించి గట్టిగా నెడుతోంది. తాడు విప్పితే గుండ్రంగా ఒకే వైపుకు తిరుగుతోంది. చెవి కొస నుంచి తీసిన రక్తపు చుక్కను గాజుపలక మీద పరచి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎర్రకణాల మధ్య సన్నని పురుగుల్లా మెలికలు తిరుగుతూ కనిపించాయి. అదే కొట్టంలో ఆరోగ్యంగా కనిపిస్తున్న మరో గేదె రక్తంలోనూ అవే ఉన్నాయి. ఈ వ్యాధి ఒంటెలను చంపుతుంది, లామాది ఒంటె కుటుంబమే. గేదెలకు మనం ధైర్యంగా వాడే డిమినాజీన్ మందు ఒంటెలకు విషమయ్యే ప్రమాదం ఉంది కనుక, రోగం వచ్చాక చూసుకుందామనుకోవడానికి కూడా వీలు తక్కువ.

రెండో శత్రువు కార్జపు జలగ. మన పంటకాలువల అంచున, చిత్తడి నేలలో ఉండే నత్తల నుంచి దీని పిల్లలు బయటికి వచ్చి గడ్డిపోచలకు అంటుకొని ఉంటాయి. నీటి ఒడ్డున కోసిన పచ్చగడ్డి తెచ్చి వేస్తే గొర్రెకు, లామాకు ఒకేలా కాలేయం దెబ్బతింటుంది. ఆ గడ్డిని బాగా ఎండబెట్టి వేయడం గొర్రెలకు కూడా మంచిదే. ఈ ఒక్క పని మీరు రేపటినుంచే మొదలుపెట్టవచ్చు.

జవాబు: భీమవరం నుంచి టెక్సాస్ వచ్చి స్థిరపడినవాడిని

రైతు గారూ, డాక్టరు గారు చెప్పినదానికి నేను కళ్లతో చూసింది కలుపుతాను. ఇక్కడ మా స్థలంలో ఆరేళ్లుగా 3 చిన్న లామాలు, 10 మేకలు ఉన్నాయి. 38 అంగుళాల కొలత మీరు విన్నది నిజమే. తల ఎత్తి నిలబడితే నా ఛాతీ దాకా వస్తాయి.

కాపలా కోసం చిన్న లామాను తేవద్దని చెప్పడమే నా మొదటి మాట. 1980ల నుంచి అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో గొర్రెల మందకు కాపలా పెట్టినవి పెద్ద లామాలు. అవి 130 నుంచి 200 కిలోల బరువు ఉంటాయి. ఒంటరి నక్కనో, ఒక కుక్కనో చూస్తే బెదరకుండా ఎదురు నడుస్తాయి. ఐదారు కుక్కలు గుంపుగా వస్తే పెద్ద లామా కూడా నిలవలేదు. చిన్న లామా అయితే తనే వేటకు చిక్కే జంతువు. మా మేకలను కాయడానికి మేము పెట్టుకున్నవి కుక్కలే, లామాలు కాదు. మీ ఊరకుక్కలు దడి కింద తవ్వి వచ్చాయంటే అవి అలవాటు పడిన గుంపు అయి ఉంటాయి.

ఒక్కటి చాలునా అన్నారు. లామా మంద జంతువు. తన జాతి తోడు లేకపోతే మేత మానేస్తుంది, కంచె వెంట అటూ ఇటూ తిరుగుతూ సన్నగా మూలుగుతుంది. తక్కువలో తక్కువ రెండు ఉండాలి, అవి కూడా రెండు ఆడవో, విత్తు కొట్టించిన రెండు మగవో అయి ఉండాలి. విత్తు కొట్టని మగదానిని గొర్రెలతో వదిలితే వాటి మీదికెక్కి నలిపేస్తుంది. పాలసీసా పట్టి ముద్దుగా పెంచిన మగపిల్ల అయితే మరీ ప్రమాదం: పెద్దయ్యాక మనిషిని కూడా తన మందలోని పోటీదారు అనుకొని ఛాతీతో గుద్ది కింద పడేస్తుంది. మీ అమ్మాయికి ముచ్చట అన్నారు కనుక ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

మేత విషయంలో, రోజుకు ఒంటి బరువులో రెండు శాతం లోపు ఎండుమేత సరిపోతుంది. అయితే గేదెల దాణాలో, ఖనిజలవణ మిశ్రమంలో రాగి ఎక్కువ. అది లామాకూ గొర్రెకూ కాలేయంలో పేరుకొని చంపుతుంది. కోళ్ల దాణాలో మొనెన్సిన్ అనే మందు కలిపి ఉంటే ఒక్క పూట తిన్నా ప్రాణం పోవచ్చు. పశువులన్నీ ఒకే తొట్టిలో తినే ఇంట్లో ఇవి వేరుచేయడం చెప్పినంత తేలిక కాదు. మేము మేకలకు ఒక గది, లామాలకు ఒక గది పెట్టి, తినే అరగంట సేపు మధ్య తలుపు మూస్తాము.

ఎండ సంగతి చెబుతాను. మూడేళ్ల క్రితం ఒక ఆగస్టు మధ్యాహ్నం మా చిన్న ఆడలామా నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, కింది పెదవి వేలాడిపోయింది. లేపబోతే ముందుకాళ్ల మీద లేవలేక మళ్లీ మడుచుకుంది. అప్పటిదాకా నేను కూడా అందరిలాగే వీపు మీద నీళ్లు పోసేవాణ్ణి. పశువైద్యురాలు ఫోనులో ఆపమన్నారు: వీపు మీది ఉన్ని తడిస్తే లోపలి వేడి బయటికి పోదట, నీళ్లు పొట్ట కిందా, తొడల లోపలి వైపూ కొట్టాలట. ఉన్ని పలచగా ఉండే ఆ చోట్ల నుంచే దాని ఒంటి వేడి బయటికి పోతుంది. గంటసేపు గొట్టంతో నీళ్లు పట్టి, ఎదురుగా ఫ్యాను పెడితే లేచి నిలబడింది. అప్పటినుంచి ప్రతి ఏటా ఎండలు ముదరకముందే ఒక అంగుళం మిగిల్చి ఉన్ని కత్తిరిస్తాము, ఇసుక పరచిన నీడ ఏర్పాటు చేస్తాము. మా దగ్గర గాలి పొడిగా ఉండి, కరెంటు ఇరవై నాలుగు గంటలూ ఉండి కూడా ఇంత కష్టం. తుఫాను వచ్చి నాలుగు రోజులు కరెంటు పోయే కోనసీమలో ఆ ఫ్యాను ఎవరు తిప్పుతారు?

రాజోలు రైతు

డాక్టరు గారికి, భీమవరం అన్నగారికి కృతజ్ఞతలు. చిన్న లామా కాపలా కాయదని నాకు ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. అయితే కుక్కల బెడద అలాగే ఉంది. ముచ్చటకు ఏదైనా చిన్న జాతి పశువును తెచ్చుకోవాలన్నా, మందను కాపాడుకోవాలన్నా మన నేలకు తగిన దారి ఏమిటో చెప్పగలరా?

జవాబు: ముమ్మిడివరం లంక రైతు

రైతు గారూ, మాకూ గొర్రెలు ఉన్నాయి. లంకలో ఉండేవాళ్లం కనుక, ఏ పశువునైనా వరదలో ఎక్కడికి ఎలా తీసుకుపోతానన్నది ముందు చూసుకొని, ఆ తరువాతే కొంటాము. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు గేదెలు మా వెంట ఈదుకుంటూ గట్టు చేరాయి. గొర్రెలను పడవలో మూడు విడతలుగా దాటించాము. గట్టు మీద వారం రోజులు తాటాకు కింద, తడి నేల మీద, అన్ని రకాల పశువులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ గడపవలసి వచ్చింది. అప్పుడు వేరు గది, వేరు తొట్టి అన్న మాటకు చోటు ఎక్కడిది?

కుక్కల విషయంలో మేము చేసింది ఇది. నేలమీది దొడ్డి తీసేసి, సర్వీ కర్రల మీద నాలుగడుగుల ఎత్తున మంచె కొట్టం కట్టాము. కింద బద్దల మధ్య వేలు దూరేంత సందు వదిలితే పెంటికలు కిందికి రాలిపోతాయి, గొర్రెల గిట్టలు పొడిగా ఉంటాయి. చుట్టూ ఇనుప జాలీ కట్టి, దాని అంచును అడుగున్నర లోతు మట్టిలో పాతి, పైన రాళ్లు పేర్చాము. కుక్క ఎప్పుడూ జాలీ మొదటనే తవ్వుతుంది. పాతిన జాలీ తగలగానే వదిలేస్తుంది. రెండు నాటు కుక్కపిల్లలను కళ్లు తెరిచిన నెలలోపే తెచ్చి గొర్రెపిల్లలతో పాటే పడుకోబెట్టి పెంచాము, వాటికి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాము. రెండేళ్లుగా ఒక్క పిల్ల పోలేదు.

ముచ్చటకైతే పుంగనూరు ఆవు ఉంది కదండీ. చిత్తూరు జిల్లాలో పుట్టిన మన జాతి, ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే మీరు అడిగిన లామా భుజం కంటే కూడా పొట్టి. పలమనేరులోని పశు పరిశోధన స్థానం ఈ జాతిని కాపాడుతూ వస్తోంది. వరిగడ్డి, పిల్లిపెసర మేస్తుంది, మన ఎండను ఓర్చుకుంటుంది, దానికి జబ్బు చేస్తే ఊరి పశువైద్యుడికి మందు తెలుసు. అయితే ముర్రాల పక్కన ఒకే గాటికి కట్టకండి. మేత దగ్గర గేదె ఒక్కసారి తల విసిరితే చాలు, ఆ చిన్న ప్రాణి పక్కటెముకలు విరుగుతాయి. కొనేటప్పుడు తల్లీతండ్రులను చూపించమని అడగండి; పొట్టిగా ఉన్న ప్రతి దూడనూ పుంగనూరు అని చెప్పి అమ్మేవారు ఉన్నారు.

రాజోలు రైతు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. అమ్మకందారుకు సొమ్ము పంపడం లేదని ఈ ఉదయమే చెప్పేశాను. ముందుగా ఆ డబ్బుతో మంచె కొట్టం కడతాము. సర్వీ కర్రలకు మాట్లాడి వచ్చాను, దాళ్వా కోతలు అయ్యాక వడ్రంగి వస్తానన్నారు. కాలువ గట్టున కోసిన గడ్డిని నిన్నటినుంచే కొబ్బరిచెట్ల మధ్య ఎండలో పరుస్తున్నాము. డాక్టరు గారూ, మా పెద్ద గేదె నెల రోజులుగా పాలు తగ్గి, సాయంత్రాలు వెచ్చగా ఉంటోంది. మీరు చెప్పిన సర్రా పరీక్ష కోసం సోమవారం మా ఊరి పశువైద్యశాలకు తీసుకువెళుతున్నాను. జ్వరం ఉన్నప్పుడే రక్తం తీయించాలా, ఏ పూట తీయించినా తెలుస్తుందా చెప్పగలరు.

విశ్రాంత పశువైద్యుడు, అమలాపురం

జ్వరం ఉన్న పూటే తీయించండి, అప్పుడే సర్రా పరాన్నజీవులు రక్తంలో ఎక్కువగా కనిపిస్తాయి. ఒకసారి కనిపించకపోతే లేవని అనుకోకుండా, రెండు మూడు రోజుల తేడాతో మళ్లీ చూడమని అడగండి. మిగతా మూడు గేదెల రక్తం కూడా అదే రోజు ఇవ్వండి.