పాస్టరుగారే నేటి అహరోనా? దశమభాగం, అభిషేకం మీద చర్చ

రాతిపలక: అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా సంఘంలో ప్రసంగం: పాస్టరే నేటి అహరోను (మోషే అన్న, ఇశ్రాయేలు మొదటి ప్రధాన యాజకుడు), దశమభాగం (రాబడిలో పదోవంతు) ఆయనదే, ప్రశ్నిస్తే కోరహుకు (మోషే, అహరోనుల మీద తిరగబడి నాశనమైనవాడు) పట్టిన గతే అని. పాత నిబంధన యాజకత్వం (జనం తరఫున బలులు అర్పించే సేవ) మనకు నేర్పేది ఇదేనా? వచనాలు చూపించి మాట్లాడండి. పాస్టర్లను తిట్టుకోడానికైతే వేరే త్రెడ్ పెట్టుకోండి.

ఒలీవకొమ్మ: ప్రసంగంలో తప్పేముంది? నిర్గమ 19:6లో జనమంతా యాజక రాజ్యమే అన్నాడు దేవుడు. అయినా బలిపీఠం దగ్గరికి అందరినీ రానిచ్చాడా? "సమాజమంతా పరిశుద్ధమే, మీ గొప్పేంటి" అన్నది కోరహే (సంఖ్యా 16:3). పౌలు కూడా బలిపీఠం దగ్గర పనిచేసేవాళ్లకు అందులో పాలుంటుందని గుర్తుచేసి, సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లే బతకాలన్నాడు (1 కొరింథీ 9:13-14). అందరం యాజకులమేనని ఎవరికి తోచినట్టు వాళ్లు మైకు పట్టుకుంటే ఆరాధన గందరగోళమే.

సండేస్కూల్_అక్క: బ్రదర్, పౌలు మాటకు ఆమేన్. సేవకుడి ఇంట్లో పొయ్యి వెలగాల్సిందే. కానీ కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక (లేఖ) అహరోను స్థానంలో నిలబెట్టింది క్రీస్తును. ఆ కుర్చీ ఖాళీగా లేదు.

ఇక అహరోను పని ఎలా ఉండేదో చూడండి. లేవీయ 6:10-11 ప్రకారం యాజకుడు నారబట్టలు కట్టుకుని రాత్రంతా కాలిన దహనబలి బూడిద ఎత్తాలి, పీఠం పక్కన పోయాలి. తర్వాత బట్టలు మార్చుకుని, ఆ బూడిదను పాళెం బయటికి తనే మోసుకెళ్లాలి. ప్రతిష్ఠ రోజున రక్తం పూసింది కుడి చెవి కొనకు, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి. వినడం, పనిచేయడం, నడవడం అన్నీ దేవుడివేనని నేను పిల్లలకు చెబుతుంటాను. కుష్ఠు మచ్చలు పరీక్షించే డ్యూటీ కూడా వాళ్లదే. ఈ భాగం మీద ప్రసంగం విన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి!

దశమభాగం సంగతి. సంఖ్యా 18లో అది లేవీయులకు, అంటే దేవుని గుడారం దగ్గర సేవచేసే గోత్రానికి వెళ్లింది. అందులో పదోవంతు మాత్రమే అహరోను ఇంటికి, అంటే యాజకులకు. మూడో ఏట పదోవంతు లేవీయులతోపాటు పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాళ్లు తినాలి (ద్వితీ 14:28-29). పైగా యాజకులకు దేశంలో భూమి వాటా లేదు. పదోవంతు కావాలి, ఆ షరతు మాత్రం వద్దంటే ఎలా?

ఒలీవకొమ్మ: సిస్టర్, పల్లెల్లో సైకిలు మీద తిరిగే పాస్టర్లకు ఆ షరతులు చదివి వినిపిస్తారా? నెహెమ్యా 13:10 చూడండి. వాటా ఇవ్వకపోతే లేవీయులు, గాయకులు మందిరం వదిలి పొలాలకు పారిపోయారు. జనం చెయ్యి ముడుచుకుంటే ఆరాధనే ఆగిపోతుంది.

మరియమాత_వీధి: మేం కతోలికులం. జ్ఞానస్నానం పొందిన అందరికీ ఒక యాజకత్వం, గురువులకు (ఫాదర్లకు) వేరొకటి ఉందని రెండో వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. గురువులది క్రీస్తు యాజకత్వంలో పాలు. మధ్యలో దూరినందుకు సారీ.

సండేస్కూల్_అక్క: నెహెమ్యా మాట నిజమే, ఇవ్వకపోవడం పాపమే. కానీ షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు ఏం చేశారు? మూడు ముండ్ల కొంకితో పనివాణ్ణి పంపి, కొవ్వు దహించకముందే పచ్చి మాంసం అడిగారు. బలి తెచ్చిన మామూలు మనిషి "ముందు కొవ్వు దహించనివ్వండి" అంటే, "ఇప్పుడే ఇవ్వు, లేదా బలవంతంగా తీసుకుంటా" అన్నాడు ఆ పనివాడు (1 సమూయేలు 2:16). యాజకుడి మనిషికి ఎదురు చెప్పినవాణ్ణి వాక్యం కోరహు అనలేదు. పాపం బహు పెద్దదని రాసింది ఏలీ కొడుకుల గురించి.

రాతిపలక: అయితే లెక్కలు అడగడం తిరుగుబాటు కాదన్నమాట?

ఒలీవకొమ్మ: అడగొద్దని నేను అనలేదు. 2 రాజులు 12లో యాజకుడు యెహోయాదా కానుకల పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టాడు. డబ్బు లెక్కపెట్టేటప్పుడు ప్రధాన యాజకుడితోపాటు రాజుగారి మనిషి కూడా ఉండేవాడు. మీ కమిటీలో అలా ఇద్దరిని పెట్టమని అడగండి. దశమభాగం మాత్రం మానకండి.