సమస్యాపూరణం: "చూచినట్టివాడె చూడలేదు"

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య:

చూచినట్టివాడె చూడలేదు

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలు, యతి (పాదం మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన జత) చూ–చూ. ఛందస్సు తేలిక కాబట్టి వస్తువులో ఒక కట్టుబాటు పెడుతున్నాను. కథ హిట్లర్ ఏలుబడిలో జరగాలి. అతను ఛాన్సలర్ అయిన 1933 జనవరి 30 మొదలు, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన 1939 సెప్టెంబరు 3 వరకు. పాత్రలు అక్కడ కొలువు చేసిన విదేశీ రాయబారులు, కాన్సులేట్ ఉద్యోగులు.

ఎందుకు వీళ్ళే అంటే, చూడటమే వీళ్ళ ఉద్యోగం. చూసింది చూసినట్టు తమ ప్రభుత్వానికి రాయడానికే జీతం. ఆ ఆరున్నరేళ్ళూ హిట్లర్ ఊళ్ళోనే, బెర్లిన్‌లోనే ఉన్నారు, ఆ విందులు తిన్నారు, ఆ మంత్రులతో కరచాలనం చేశారు. అంత దగ్గరున్నవాళ్ళకి ఏం కనబడింది, ఏం కనబడలేదు అన్నది నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న. మీ పద్యాల్లో జవాబు వెతుక్కుంటాను.

కృష్ణాతీరం:
మొదటి పూరణ నాదే అనుకుంటాను. 1937లో నూరెంబర్గ్ పార్టీ ఉత్సవానికి వెళ్ళిన బ్రిటిష్ రాయబారి నెవిల్ హెండర్సన్ మీద.

వేయి దీపకాంతి వెలుగులో నూరేగు
మూక జూచి దూత మురిసిపోయె;
వెలుగు వెనుక నున్న వేయి చెరల నీడ
చూచినట్టివాడె చూడలేదు.

అంతకుముందు పెద్ద దేశాల రాయబారులు ఇది పార్టీ పండగే గాని ప్రభుత్వ వేడుక కాదని వెళ్ళకుండా తప్పించుకునేవారు. హెండర్సన్ వెళ్ళాడు. రాత్రి నూటికి పైగా సర్చిలైట్లు నిట్టనిలువుగా ఆకాశంలోకి వేస్తే, మంచుతో కట్టిన చర్చిలో ఉన్నట్టుందని రాసుకున్నాడు.

నిర్వాహకుడు:
ఎత్తుగడ బాగుంది. పైన వేయి దీపాలు, కింద వేయి చెరలు, ఆ జత నాకు నచ్చింది. డాకౌ నిర్బంధ శిబిరం 1933 మార్చిలోనే తెరిచారు, ఈ ఉత్సవం నాటికి బూహెన్‌వాల్డ్ కూడా వచ్చేసింది. నీడ అన్న మాట సరిగ్గా అతికింది.

రెండు దిద్దుబాట్లు. కాంతి, వెలుగు ఒకటే. ఒకే పాదంలో రెండూ ఎందుకు? ఇక "మూక". మూకకి వరస ఉండదు. అక్కడ గీత గీసినట్టు నడిచారు, భయం కలిగించింది ఆ క్రమమే. ఇలా మారిస్తే?

వేయి దివ్వెలెత్తు వెలుగులో నూరేగు
దండు జూచి దూత తనిసిపోయె

ద–త యతిమైత్రి ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

కృష్ణాతీరం:
"దివ్వెలెత్తు" చాలా బాగుంది మాష్టారూ. మార్చుకుంటున్నాను.

పాలమూరు పద్యం:
హెండర్సన్‌ని ఒక్కణ్ణే బోనెక్కించడం నాకు కాస్త అన్యాయం అనిపిస్తుంది. ఆయన చేసింది లండన్‌లో ప్రధానమంత్రి చెంబర్లేన్ కోరిన పనే. మరుసటి ఏడు 1938 సెప్టెంబరులో చెకొస్లొవేకియా మీద టెన్షన్ పెరిగిపోతున్నప్పుడు ఆయన మళ్ళీ నూరెంబర్గ్‌లోనే ఉన్నాడు. రాయబారులకి బస రైలు పెట్టెల్లో. రాసుకోవడానికి కాగితం లేక డిటెక్టివ్ నవలల్లో ఖాళీ పేజీలు చింపి వాటిమీద లండన్‌కి సందేశాలు రాశాడు. ఆ బొమ్మ తలుచుకుంటే నాకు కోపం కన్నా జాలి ఎక్కువ కలుగుతుంది.

అందుకే నా పూరణలో చూడనివాడిని బెర్లిన్‌లో కాదు, లండన్‌లో పెట్టాను.

చాటి చెప్పె దూత చదివిన పొత్తమ్ము
పోరు గలదటంచు పుటల యందు;
లండనందు జాబు లక్కముద్రను విప్పి
చూచినట్టివాడె చూడలేదు.

ఈ దూత సర్ హొరేస్ రంబోల్డ్. 1933 ఏప్రిల్ 26న, అంటే హిట్లర్ వచ్చిన మూడు నెలలకే, ఐదు వేల మాటల నివేదిక పంపాడు. హిట్లర్ తన పుస్తకంలో ఏం రాశాడో అదే చేయబోతున్నాడని అందులో సారాంశం.

నిర్వాహకుడు:
ఇది అసలైన పూరణ. "చూచిన" అన్న మాటకి చదవడం అన్న అర్థం తెచ్చారు. జాబు చూశాడు, అందులోది చూడలేదు. ఇంకో సంగతి కలపనివ్వండి: 1914 జులైలో మొదటి యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో బెర్లిన్‌లో బ్రిటిష్ ఎంబసీ బాధ్యతలు చూసింది ఈ రంబోల్డే. ఒకసారి కాలినవాడు. పొగ వాసన ముందుగా పట్టింది ఆయనకే. నివేదిక పంపిన 1933 వేసవిలోనే పదవీ విరమణ చేసి వెళ్ళిపోయాడు.

ఛందోప్రియ:
"లండనందు" సాధువేనా?

నిర్వాహకుడు:
లండను ఉకారాంతం. అందు పరమైతే ఉత్వసంధి. సాధువే.

కొత్తగా రాస్తున్నా:
నమస్కారం అండీ. ఆటవెలది రాయడం ఇది మూడోసారి. తప్పులుంటే చెప్పండి. అమెరికా రాయబారి విలియం డాడ్ గురించి రాశాను. షికాగోలో చరిత్ర ప్రొఫెసర్, 1933 జులైలో బెర్లిన్ వచ్చారు.

పాఠశాల విడిచి రాయబారిగ వచ్చి
రోము కథలు చెప్పె రూపు మార్చి;
తనను గూర్చి యన్న తలపు రాకుండగ
చూచినట్టివాడె చూడలేదు.

అక్టోబరు 12న అమెరికన్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్ళ విందులో ఆయన ఇచ్చిన ఉపన్యాసం సందర్భం. జర్మనీ పేరు ఎత్తకుండా ప్రాచీన రోము గురించి, సీజర్ గురించి చెప్పి, కొద్దిమంది చేతిలో అధికారం పోగైతే ఏమవుతుందో వివరించారు.

ఛందోప్రియ:
మొదటి పాదంలో యతి తప్పింది. పా–రా కుదరదు, ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) కూడా లేదు (ఠ, య). మిగతావి సరిగా ఉన్నాయి. మూడోసారికే ఇంత రాయడం మామూలు సంగతి కాదు, దిగులుపడకండి.

నిర్వాహకుడు:
యతి సులువుగా సర్దవచ్చు. నా అభ్యంతరం చరిత్ర మీద. తమ గురించే అని నాజీలకి తోచలేదన్నారు. తోచింది. సభలో చప్పట్లు కొట్టిన జర్మన్లున్నారు, అధికారులు మాత్రం నొచ్చుకున్నారు. నియంతలకి పోలిక ఇట్టే తెలుస్తుంది. తెలియనిది ఏమిటంటే, ఆ కథ చివర ఏముందో. అద్దం తమకే పట్టారని గ్రహించారు, అద్దంలో ముఖాన్ని గ్రహించలేదు. ఆ తేడా పద్యంలోకి రావాలి. ఇలా చూడండి:

పాఠశాల విడిచి పరదేశ మేతెంచి
రోము కథలు చెప్పె రూపు మార్చి;
తన ముఖమ్మె యందు తనరుచున్నను గాని
చూచినట్టివాడె చూడలేదు.

రెండో పాదం మీదే, అక్షరం ముట్టుకోలేదు. రో–రూ యతి, "రూపు మార్చి" అన్న మాట, రెండూ ముచ్చటగా ఉన్నాయి.

కొత్తగా రాస్తున్నా:
చాలా సంతోషం అండీ. మూడో పాదం ఎందుకు నిలబడలేదో ఇప్పుడు అర్థమైంది.

డల్లాస్ తెలుగు:
డాడ్ గారి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆయన అద్దె ఇంటి మీద నా పూరణ. టియర్‌గార్టెన్ పార్కు పక్కన పెద్ద భవనం, అద్దె చాలా తక్కువ. యజమాని యూదు బ్యాంకరు. ఇల్లు అద్దెకిచ్చి, తాను తల్లితో పై అంతస్తులో ఉండిపోయాడు. కింద అమెరికా రాయబారి ఉంటే పోలీసులు గడప తొక్కరని ధైర్యం.

మేడమీద నొకడు మెలకువతో నుండ
క్రింద విందు సాగె, గీత మెసగ;
పైకి చూపు నెత్తి పలుమార్లు కప్పునే
చూచినట్టివాడె చూడలేదు.

నిర్వాహకుడు:
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. యుద్ధం, నియంత అన్న పెద్ద మాట ఒక్కటీ లేదు. ఒక ఇల్లు, రెండు అంతస్తులు, మధ్యలో కప్పు. షాండిలియర్‌ని మెచ్చుకుంటూ తలెత్తిన అతిథి నా కళ్ళకి కట్టాడు. "కప్పునే" లో ఉన్న ఏకారం పద్యం మొత్తాన్ని మోస్తోంది. మార్చాల్సిందేమీ లేదు.

కృష్ణాతీరం:
ఆ "మెలకువ" కూడా. నిద్రపట్టకపోవడం అనలేదు, జాగ్రత్తగా ఉండటం అనలేదు, రెండూ వచ్చేశాయి.

గోదావరి గట్టు:
కట్టుబాటు దాటుతున్నాను, క్షమించాలి. రాయబారం అనగానే మనకి గుర్తొచ్చేది కౌరవసభే.

కౌరవేంద్రు కొలువు కప్పిన వెలుగులో
విశ్వరూపు దాల్చె వెన్నుడంత;
కట్టబూనువాడు కన్నులెదుట నిల్వ
చూచినట్టివాడె చూడలేదు.

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉంది. మొదటి పాదంలో "కప్పిన" దేన్ని కప్పిందో తేలదు, అది చూసుకోండి. వస్తువు మాత్రం వేరు. దుర్యోధనుడి కొలువుకి వచ్చిన దూత దేవుడు. బెర్లిన్‌లో ఉన్నవాళ్ళు పెన్షన్, బదిలీ, పై అధికారి మాట ఆలోచించుకునే మామూలు ఉద్యోగులు. అందుకే వాళ్ళ గురించి రాయమన్నాను.

పాలమూరు పద్యం:
ఇంకొకటి. 1938 జులైలో జెనీవా సరస్సు ఒడ్డున ఎవియాన్‌లో 32 దేశాల ప్రతినిధులు కూర్చుని యూదు శరణార్థుల గురించి మాట్లాడారు. పెద్ద సంఖ్యలో తీసుకుంటానన్నది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే.

కొలను చెంత జేరి కూర్చుండి దేశాలు
తలుపు మూసికొనిన తరుణమందు
గడప ముందు నిలుచు కాందిశీకుల బాధ
చూచినట్టివాడె చూడలేదు.

నిర్వాహకుడు:
"కాందిశీకుల" పడ్డ చోటు చక్కగా ఉంది, గ–కా యతి. ఏ దిక్కుకి పోవాలో తెలియనివాడు కాందిశీకుడు. ఎవియాన్ తరవాత ఆ మాటకి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

విశాఖ ఉప్పుగాలి:
ఇప్పటిదాకా వచ్చిన పూరణలన్నిటిలో చూడకపోవడం తప్పు. నేను తిరగేశాను. చూడకపోవడమే పుణ్యమైన సందర్భం ఒకటుంది.

పత్రమందు కొరత, పైకమందు కొరత
ప్రాణభీతి నున్న ప్రజల చేత
కరుణ నిండినట్టి కన్నులతో నాడు
చూచినట్టివాడె చూడలేదు.

ఈయన ఫ్రాంక్ ఫోలీ. బెర్లిన్‌లో బ్రిటిష్ పాస్‌పోర్ట్ కంట్రోల్ అధికారి. నిజానికి గూఢచారి శాఖ మనిషి, పైకి మాత్రం వీసాల గుమాస్తా. దౌత్య రక్షణ లేదు, పట్టుబడితే దిక్కులేదు. పాలస్తీనాకి వెళ్ళాలంటే వెయ్యి పౌండ్ల ఆస్తి చూపించాలన్నది ఒక నిబంధన. సర్వం ఊడ్చుకుపోయినవాళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఎవరో తరవాత ఇస్తామని రాసిన హామీ ఉత్తరాన్ని కూడా ఆయన సొమ్ముగానే లెక్కవేశాడు. 1938 నవంబరు 9 రాత్రి నాజీలు యూదుల ప్రార్థనామందిరాలు తగలబెట్టి, దాదాపు 30,000 మంది యూదు మగవాళ్ళని శిబిరాలకి తోలుకెళ్ళాక, ఫోలీ వీసా పట్టుకుని శిబిరానికే వెళ్ళి మనుషుల్ని విడిపించాడు. కొందరిని తన ఇంట్లో దాచాడు.

మా అమ్మాయి వీసాకని ఒకసారి తెల్లవారుజామునే వెళ్ళి ఒక కార్యాలయం బయట నిలబడ్డాను. ఫైల్లో ఒక కాగితం తక్కువైంది. అద్దం వెనకాల మనిషి తల ఎత్తలేదు, కాగితాలు వెనక్కి తోశాడు. మాకు పోయింది ఒక సెమిస్టర్. అంతే. కానీ ఆ రోజు ఆ కిటికీ ముందు మా అమ్మాయి చేతులు వణకడం నేను చూశాను. ఫోలీ కిటికీ ముందున్నవాళ్ళకి తక్కువైన కాగితం ఖరీదు ప్రాణం.

డల్లాస్ తెలుగు:
ఆ కిటికీ ముందు నిలబడని ఇల్లు మన తెలుగువాళ్ళలో ఇప్పుడు తక్కువే. ఈ పద్యం అందుకే గుచ్చుకుంది.

పాలమూరు పద్యం:
వియన్నాలో చైనా కాన్సల్ జనరల్ హో ఫెంగ్‌షాన్ కూడా ఈ కోవే. షాంఘైలో దిగడానికి వీసాతో పనిలేదు, కానీ ఆస్ట్రియా దాటనివ్వాలంటే ఎక్కడికి పోతున్నావో కాగితం చూపాలి. ఆయన ఆ కాగితాలు ఇస్తూ పోయాడు. బెర్లిన్‌లో ఉన్న తన రాయబారి వద్దన్నా ఆపలేదు. కాన్సులేట్ ఉన్న భవనం యూదులదని నాజీలు లాక్కుంటే, సొంత డబ్బుతో ఇంకో చోటు అద్దెకి తీసుకున్నాడు.

నిర్వాహకుడు:
సమస్య ఇచ్చినప్పుడు ఈ అర్థం నాకు తట్టలేదు. "వాడె" అన్న ఏకారం చూడండి. హెండర్సన్ పద్యంలో అదే ఏకారం వేలు చూపి నిలదీస్తుంది. ఇక్కడ అదే చేతులు జోడిస్తుంది. లోపాన్ని చూసిన అధికారం ఉన్నవాడే చూడనట్టు ఊరుకున్నాడు. అక్షరం మారలేదు, మనిషి మారాడు. ఈ వారం నా ఓటు దీనికీ, మేడమీది పద్యానికీ.

ఛందోప్రియ:
యతులు ప–పై, ప్రా–ప్ర, క–క. అన్నీ సరే. "కన్నులతో నాడు" దగ్గర "నాడు" పాదపూరణకి వచ్చినట్టుంది గాని అడ్డుపడటం లేదు.

కొత్తగా రాస్తున్నా:
మళ్ళీ ప్రయత్నించాను అండీ. యతులు నేనే రెండుసార్లు చూసుకున్నాను.

తొమ్మిదైన వేళ దూత యొక్కడు చేర
మంత్రి తాను రాక మరుగు జొచ్చె;
జాబు వినుచు ముందు చలనమ్ము లేకుండ
చూచినట్టివాడె చూడలేదు.

ఛందోప్రియ:
తొ–దూ, మ–మ, జా–చ. ఒక్క తప్పూ లేదు!

నిర్వాహకుడు:
నడక మీ సొంతమైపోయింది. ఒకటే అడుగుతాను. జాబు వింటూ ముందుకి చూస్తున్నవాడు ఎవరు? మంత్రి అయితే రెండో పాదంలోనే తప్పుకున్నాడు కదా.

కొత్తగా రాస్తున్నా:
హిట్లర్ అండీ. 1939 సెప్టెంబరు 3 ఆదివారం, పొద్దున తొమ్మిదికి హెండర్సన్ తుది హెచ్చరిక తీసుకుని విదేశాంగ శాఖకి వెళ్ళాడు. పదకొండు దాకా గడువు. మంత్రి రిబెన్‌ట్రాప్ రాలేదు, దుబాసీ పాల్ ష్మిట్‌ని పంపాడు. ష్మిట్ ఆ పొద్దున నిద్ర లేవడం ఆలస్యమై టాక్సీలో వచ్చి, హెండర్సన్ ముందు గుమ్మంలోంచి వెళ్తుండగా పక్క తలుపులోంచి లోపలికి దూరాడు. కాగితం తీసుకుని ఛాన్సలరీకి వెళ్ళి, హిట్లర్ ముందు నిలబడి నెమ్మదిగా అనువదించి చదివాడు. చదవడం అయ్యాక హిట్లర్ కదలకుండా, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడని ష్మిట్ రాశాడు. రిబెన్‌ట్రాప్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడట.

పద్యంలో పేరు పెట్టాలా అండీ?

నిర్వాహకుడు:
వద్దు. అలాగే ఉంచండి.