అమ్మ ఫోన్‌లో యాడ్ బ్లాకర్ పెట్టాను. తప్పు చేశానా?

తాటితోపు

దసరాకి ఊరెళ్లినప్పుడు అమ్మ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసి, అందులో యాడ్స్‌ను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టి వచ్చాను. మా బావ ఒప్పుకోలేదు. "వార్తలు ఉచితంగా చదువుతూ యాడ్స్ ఆపేయడమంటే, హోటల్లో తిని డబ్బులివ్వకుండా లేచి రావడమే" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఎందుకు పెట్టానో చెప్తాను. అమ్మ గ్యాస్ సిలిండర్ కోసం కస్టమర్ కేర్ నంబర్ వెతికింది. అన్నిటికన్నా పైన కనిపించిన నంబరుకు ఫోన్ చేసింది. అది గ్యాస్ కంపెనీది కాదు, ఎవరో డబ్బు కట్టి వేయించిన యాడ్. అవతలివాడు తెలుగులోనే "అమ్మా, అమ్మా" అంటూ మాట్లాడి, ఒక యాప్ వేసుకోమన్నాడు. ఆ టైంకి పక్కింటి అబ్బాయి వచ్చి ఫోన్ తీసుకున్నాడు కాబట్టి డబ్బు పోలేదు. అది యాడ్ అని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. కానీ అరవై రెండేళ్ల మనిషి కంటికి అది ఆనదు. ఆ రోజు నుంచి అమ్మ ఫోన్ ముట్టుకోవాలంటేనే టెన్షన్ పడుతోంది.

పల్లెవంట

తాటితోపు గారూ, అమ్మగారికి జరిగింది వింటే బాధేసింది. కానీ మీ బావగారి మాటను తీసిపారేయకండి.

నేను ఆరేళ్లుగా తెలుగులో వంటల సైట్ నడుపుతున్నాను. ఆవకాయ కొలతలు రాయడానికి మూడు వేసవులు మా అత్తయ్య పక్కన కూర్చున్నాను. ఆవిడ చేత్తో తీసి వేసేదాన్ని గ్రాముల్లోకి మార్చడానికే ఒక వేసవి పట్టింది. సర్వర్ ఖర్చు, డొమైన్ ఖర్చు, నా కష్టం, అన్నీ ఆ యాడ్స్ మీదే గడవాలి. పాపప్‌లు పెట్టను, వాటంతటవే మోగే వీడియోలు పెట్టను. అయినా బ్లాకర్‌కు ఆ మోసగాడూ నేనూ ఒకటే. తెలుగులో రాసేవాళ్లు చాలించుకుంటే నష్టపోయేది తెలుగులో చదివేవాళ్లే.

కొత్తచిగురు

బ్లాకర్ వాడేవాళ్లకు ఒక మాట. కంప్యూటర్‌లోని క్రోమ్‌లో ఇప్పుడు యూబ్లాక్ ఆరిజిన్ పనిచేయదు. ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు జోడించే ఇలాంటి చిన్న ప్రోగ్రాముల) నిబంధనలు మార్చి గూగుల్ దాన్ని ఆపేసింది. లైట్ అనే చిన్న వెర్షన్ ఉంది కానీ దాని శక్తి తక్కువ. ఫైర్‌ఫాక్స్‌లో పాతది అలాగే నడుస్తోంది.

మెట్టపొలం

హైదరాబాద్‌లో యాడ్స్ సాఫ్ట్‌వేర్ మీద కొన్నేళ్లు పనిచేశాను. నాకు ఆ హోటల్ పోలిక కుదరదనిపిస్తుంది. హోటల్లో మెనూ మీద ధర ఉంటుంది. ఇక్కడ మనం దేంతో చెల్లిస్తున్నామో కూడా ఎవరూ చెప్పరు.

పేజీ తెరవగానే ఏం జరుగుతుందంటే, అందులో యాడ్ కోసం వదిలిన ఖాళీ చోటుకు వేలం మొదలవుతుంది. మీరు చదివే పేజీ ఏది, ఫోన్ ఏ మోడల్, సుమారుగా ఏ ఊళ్లో ఉన్నారు, మిమ్మల్ని గుర్తుపట్టే నంబర్ ఏది, ఇవన్నీ ఒక పొట్లం కట్టి ఎన్నో కంపెనీలకు ఒకేసారి పంపుతారు. రెప్పపాటులో వేలం ముగుస్తుంది. గెలిచేది ఒక్కరే, కానీ ఓడినవాళ్ల చేతికీ ఆ పొట్లం అందింది కదా! దాన్ని వాళ్లు దాచుకున్నారా, ఇంకొకరికి అమ్మారా అన్నది మీకూ తెలియదు, పల్లెవంట గారికీ తెలియదు. ఆరోగ్యం గురించి చదివినా, అప్పుల గురించి చదివినా ఇదే తంతు.

కుకీ అంటే, మనల్ని గుర్తుపట్టడానికి సైటు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చీటీ. దాన్ని 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటుల్లీ తయారుచేసింది ఇందుకు కాదు. మీరు బుట్టలో వేసుకున్న వస్తువులు తర్వాతి పేజీకి వెళ్లినా సైటుకు గుర్తుండాలని. దాన్ని సైటు నుంచి సైటుకు మన వెంట తిరిగే గూఢచారిగా మార్చింది యాడ్ కంపెనీలు. ఆపిల్ వాళ్ల సఫారీ బ్రౌజర్ 2020లో మూడో పక్షం కుకీలను, అంటే మనం తెరిచిన సైటువి కాకుండా బయటివాళ్లు పెట్టేవాటిని, పూర్తిగా ఆపేసింది. తామూ రెండేళ్లలో ఆపేస్తామని గూగుల్ అదే ఏడాది చెప్పింది, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024 జూలైలో ఆ మాట వెనక్కి తీసుకుంది.

మనుషుల్ని అడిగితే ఏమంటారో 2021లోనే తేలింది. ఆ ఏప్రిల్‌లో ఐఫోన్‌లో "ఈ యాప్ మిమ్మల్ని ట్రాక్ చేయవచ్చా?" అన్న ప్రశ్న వచ్చింది. దాని వల్ల 2022లో తమ ఆదాయం సుమారు 1,000 కోట్ల డాలర్లు తగ్గుతుందని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాయే చెప్పింది. యాడ్స్ అక్కడే ఉన్నాయి, ఎవరూ తీసేయలేదు. అడగ్గానే జనం వద్దన్నారు, అంతే. బ్లాకర్ పెట్టుకునేవాళ్లు చెప్పేదీ ఆ "వద్దు" అన్న మాటే. వాళ్లను ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్లే చెప్పుకుంటున్నారు.

కృష్ణాతీరం

మరి పెద్ద వార్తా సైట్లలో యాడ్స్ పేరున్న కంపెనీలవే కదా? అక్కడ కూడా ఆపాలా?

మెట్టపొలం

ఏ యాడ్ వస్తుందో ఆ సైటువాళ్లకే ముందు తెలియదండీ, వేలంలో ఎవరు గెలిస్తే వాళ్లది. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ లాంటి సైట్లలోకి వేరే నెట్‌వర్క్‌ల ద్వారా విషపు యాడ్స్ దూరాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాములను చదివేవాళ్ల కంప్యూటర్లలోకి ఎక్కించడానికి వేసినవి. తాటితోపు గారి అమ్మగారి విషయంలో జరిగినట్టే, సెర్చ్ యాడ్స్‌లో కంపెనీల వేషం కట్టి మోసం చేస్తున్నారని 2022 డిసెంబర్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. సెర్చ్ చేసేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడమని ఆ హెచ్చరికలోనే రాసింది.

తాటితోపు

ఇంకొకటి నాకు తోస్తోంది. మన 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ట్రాక్ చేయకూడదని, వాళ్లకు గురిపెట్టి యాడ్స్ వేయకూడదని అంటోంది. మంచిదే. మరి మా అమ్మ సంగతి? పదిహేడేళ్ల పిల్లవాడి కంటే ఆవిడే తేలిగ్గా మోసపోతుంది.

పల్లెవంట గారూ, మీ సైటును బ్లాకర్ మినహాయింపుల్లో పెడదామనుకుంటున్నాను. అమ్మ మీ కొలతలతో ఆవకాయ పెట్టి చూస్తానంటోంది.

పల్లెవంట

అప్పుడే పెట్టకండి. నిన్న రాత్రి నేనూ యూబ్లాక్ వేసుకుని నా సైటు తెరిచాను. నేను పేజీలో పెట్టింది ఒకే ఒక యాడ్ కోడ్. కానీ బ్లాకర్ చూపించిన జాబితాలో ముప్పైకి పైగా పేర్లు ఉన్నాయి, ఒక్కటీ నాకు తెలియదు. మా అత్తయ్య వంటింట్లోకి నేనే తలుపు తీసి వాళ్లందర్నీ రానిచ్చినట్టు అనిపించింది.

యాడ్స్ వద్దని మాత్రం అనను, నాకు ఆదాయం కావాలి. కానీ ఆవకాయ పేజీలో నూనె యాడ్ వేయడానికి చదివేది ఎవరో, ఏ ఊళ్లో ఉంటారో తెలియాల్సిన పనేముంది? ఆవకాయ పెట్టేవాళ్లకు నూనె కావాలి, ఆ ఒక్క సంగతి చాలు.

మెట్టపొలం

సరిగ్గా అదేనండీ. పేజీలో ఉన్న విషయాన్ని బట్టి యాడ్ వేయడమన్నమాట. పత్రికల్లో, సినిమా హాలు స్లైడుల్లో ఎప్పుడూ జరిగింది అదే. బొమ్మ మీ సర్వర్ నుంచే మామూలు బొమ్మలా వస్తే చాలావరకు బ్లాకర్లు ముట్టుకోవు. కాకపోతే వేలంలో వచ్చినంత రాకపోవచ్చు, యాడ్ ఇచ్చేవాళ్లను మీరే వెతుక్కోవాలి. అది చిన్న కష్టం కాదు.

పల్లెవంట

మొదలుపెట్టాను. ఈ పొద్దున మా ఊరి గానుగ నూనె ఆయన దగ్గరికి వెళ్లి, ఆవకాయ సీజన్ మూడు నెలలకు ఒక బొమ్మ వేస్తానని అడిగాను. "ఎంతమంది చదువుతారో కాగితం మీద రాసి తీసుకురామ్మా, చూద్దాం" అన్నారు. రాస్తున్నాను.