నిద్రగన్నేరు మొద్దు మీది పుట్టగొడుగును ఎలా కాపాడుకోవాలి?

అందరికీ నమస్కారం. మేముండేది బెంగళూరు జయనగర్‌లో. రెండేళ్ల క్రితం గాలివానకు మా అపార్ట్‌మెంట్ వెనక పెద్ద నిద్రగన్నేరు కూలింది. కొమ్మలు కొట్టి తీసుకెళ్లారు, మొద్దు అలాగే ఉండిపోయింది. ఈ వానలకు దాని అడుగువైపు ఒక తెల్లటి పుట్టగొడుగు వచ్చింది. గొడుగు లేదు, కాడ లేదు, మెత్తటి ముళ్లు కిందికి వేలాడుతున్నాయి. పక్కన చెక్కను వేలితో నొక్కితే తడిసిన పీచులా విడిపోతోంది.

చూడ్డానికి హెరీషియం అనే ముళ్ల పుట్టగొడుగులా ఉంది, కచ్చితంగా చెప్పలేను. బ్రిటన్‌లో ముసలి బీచ్, ఓక్ చెట్ల మీద పెరిగే హెరీషియం ఎరినేసియస్ అనే రకాన్ని కోయడం 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. ఇక్కడేమో చెదలు పడతాయని వచ్చే ఆదివారం మొద్దు తీయించేస్తామని అసోసియేషన్ వాళ్లు నోటీసు పెట్టారు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

గుర్తుపట్టాలంటే ఏ వైపు నుంచి ఫొటోలు తీయాలి? చిన్న ముక్క ఆరబెట్టి, కాగితం కవర్లో జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్తే చూస్తారా? మొద్దును గోడ పక్క నీడలోకి దొర్లిస్తే ఇది బతుకుతుందా? తమ ఆవరణలో ఇలా మొద్దు ఉంచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మిగతావాళ్లను ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి. ఆదివారం లోపు తెలిస్తే చాలా మేలు.