పంచతంత్రం స్పెయిన్ అనువాదం 1251లోనా, 1261లోనా? అల్ఫోన్సో 10 తేదీల చిక్కు

బెజవాడ పాఠకుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక గ్రంథాలయంలో పంచతంత్రం ఏయే దేశాలు తిరిగిందో చూపించే ప్రదర్శన పెడుతున్నాం. స్పెయిన్ అట్ట నా వంతుకొచ్చింది. కాస్టిల్ రాజు అల్ఫోన్సో 10 అరబ్బీ నుంచి తన భాషలోకి చేయించిన ‘కలీలా, దిమ్నా’ అందులో ముఖ్యం. మన కరటక దమనకులే వాళ్ళు. మూడు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, అనువాదం జరిగిన ఏడు ఒకచోట 1251, ఒకచోట 1261 అని ఉంది. రాతప్రతిలో ఏకంగా 1299 అని ఉందట. 1299 నాటికి ఆయన బతికి లేడు కదా?

రెండు, అల్ఫోన్సో 9 ఈయన తండ్రి అనుకుని వంశవృక్షం గీశాను. తీరా చూస్తే తండ్రి ఫెర్నాండో 3. మరి ఈ అంకెలేమిటి?

మూడు, అంత చదువుకున్న రాజును కన్నకొడుకే గద్దె దించాడంటున్నారు. ఎందుకు? అట్ట మీద నాలుగైదు వాక్యాలకే చోటుంది. పక్కన మన ప్రాంతపు సమకాలీనం ఒకటి పెట్టాలని కూడా ఉంది.

శాసనాల చదువరి, గుంటూరు

తేదీల సంగతి నేను చెబుతాను. మీరు చూసిన 1299 క్రీస్తుశకం కాదు. మధ్యయుగపు కాస్టిల్‌లో పత్రాల మీద ‘ఎరా’ అని రాసి వేసే అంకె స్పెయిన్ శకానిది. అది క్రీ.పూ. 38 నుంచి లెక్క. మన శాసనాల్లో శకవర్షానికి 78 కలుపుతాం. అక్కడ 38 తీసేయాలి. ఏడాది మొదలు జనవరి 1నే కాబట్టి, మనకు పుష్యం నుంచి ఫాల్గుణం దాకా వచ్చే 78నా 79నా అన్న తంటా అక్కడ లేదు.

ముందు మీకు కచ్చితంగా తెలిసిన తేదీలతో సరిచూసుకోండి. అల్ఫోన్సో గద్దెనెక్కింది ఎరా 1290లో, 38 తీస్తే 1252. పోయింది ఎరా 1322లో, అంటే 1284. రెండూ సరిపోయాయి. కాస్టిల్‌లో ఈ లెక్క 1383 దాకా నడిచింది, పోర్చుగల్‌లో 1422 దాకా. ఆ లోపు పత్రం ఏది చూసినా ‘ఎరా’ అన్న మాట ఉందో లేదో మొదట వెతకాలి.

ఇక అసలు చిక్కు. రాతప్రతి చివరి వాక్యంలో ఎరా 1299 అని ఉంది. 38 తీస్తే 1261. కానీ అదే వాక్యం ఈ పనిని ‘రాజకుమారుడు అల్ఫోన్సో, ఫెర్నాండో రాజు కొడుకు’ చేయించాడని చెబుతోంది. 1261 నాటికి ఆయన రాజై తొమ్మిదేళ్ళు దాటింది. రాజును పట్టుకుని రాజకుమారుడని ఎవరూ రాయరు. కాబట్టి లేఖకుడి చేతిలో ఒక పది ఎక్కువ పడిందనీ, అసలుది ఎరా 1289 అనీ పండితులు సరిదిద్దారు. అలా వచ్చిందే 1251. అట్ట మీద 1251 వేయండి. 1261 వేసిన పుస్తకాలు అంకెను నమ్మాయి, బిరుదును చూడలేదు. శాసనంలో శకవర్షం ఒకటి చెప్పి సంవత్సరం పేరు ఇంకొకటి చెబితే మనం ఏది నమ్మాలో తూచుకుంటాం కదా, ఇదీ అంతే.

ఇంకొక ఉచ్చు ఉంది. ఆ కాలపు స్పానిష్ రాతల్లో రోమన్ పదికి (ఇంటూ గుర్తు లాంటిది) పైన చిన్న కొక్కెం తగిలిస్తే అది పది కాదు, నలభై. మసక ఫోటోల్లో ఆ కొక్కెం కనిపించదు. తేదీ సరిగ్గా 30 ఏళ్ళు తేడా వస్తే మొదట అనుమానించాల్సింది దాన్నే.

అదే చివరి వాక్యం ఈ పుస్తకాన్ని అరబ్బీ నుంచి లాటిన్‌లోకి, అక్కడి నుంచి దేశభాషలోకి తెచ్చారని అంటుంది. భాషను చూసినవాళ్ళు మాత్రం నేరుగా అరబ్బీ నుంచే చేశారంటారు. మీ పటంలో సంస్కృతం, పహ్లవీ (నాటి పారశీక భాష), ఇబ్న్ అల్ ముఖఫ్ఫా చేసిన అరబ్బీ, కాస్టిలియన్ అని బాణాలు గీస్తే చాలు. మధ్యలో లాటిన్ గడి వద్దు.

సమకాలీనానికి దూరం పోనక్కర్లేదు. తుళ్ళూరు మండలంలోని మల్కాపురం శాసనం శకవర్షం 1183 దుర్మతి చైత్రం నాటిది. 78 కలిపితే 1261. రుద్రమదేవి పేర మందడం గ్రామదానం, విశ్వేశ్వర శివాచార్యుల మఠం, దాంతోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఏర్పాట్లు అందులో ఉన్నాయి. అల్ఫోన్సో అక్కడ ఏలుతున్న రోజులే అవి.

లియోన్ వైపు

అంకెల సంగతి. కాస్టిల్, లియోన్ రెండు రాజ్యాలు. ఒక్కోసారి ఒకే రాజు కింద, ఒక్కోసారి విడివిడిగా ఉండేవి. కానీ అల్ఫోన్సోల లెక్క రెండింటికీ కలిపే నడుస్తుంది. అల్ఫోన్సో 7 రెండూ ఏలాడు. 1157లో ఆయన పోయాక కొడుకులు పంచుకున్నారు. అల్ఫోన్సో 8 కాస్టిల్ రాజు (1158 నుంచి 1214). అల్ఫోన్సో 9 లియోన్ రాజు (1188 నుంచి 1230). ఒకే కాలపు ఇద్దరు రాజులు, వరసకు పెదనాన్న చిన్నాన్న బిడ్డలు. పైగా 8వ ఆయన కూతురు బెరెంగెలాను 9వ ఆయన పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకు ఫెర్నాండో 3 తల్లి వైపు నుంచి కాస్టిల్, 1230లో తండ్రి వైపు నుంచి లియోన్ అందుకుని రెండూ కలిపాడు. ఆయన కొడుకే మన 10. కాబట్టి 9 తాత. మీ చెట్టులో ఒక కొమ్మ పైకి జరపండి.

పోర్చుగల్ అఫోన్సోలది, అరగాన్ అల్ఫోన్సోలది వేరే వరస. మన అల్ఫోన్సో 10 కాలంలోనే పోర్చుగల్‌లో అఫోన్సో 3 ఉన్నాడు, ఈయనకు అల్లుడు కూడా. అందుకే ప్రతి పేరు ముందు రాజ్యం పేరు వేయడం తప్పనిసరి.

పాత కాగితం

మూడోదానికి నేను కాస్త పొడుగ్గానే చెప్పాలి, ఎందుకంటే ‘కొడుకు గద్దె దించాడు’ అన్న మాటే తప్పు. 1282 ఏప్రిల్‌లో వయ్యదోలిద్ సభలో రెండో కొడుకు సాంచో న్యాయం, కోటలు, పన్నుల మీద అధికారం తీసుకున్నాడు. రాజు అన్న బిరుదు మాత్రం తండ్రి బతికున్నంత కాలం తీసుకోలేదు. అట్ట మీద ‘అధికారం లాక్కున్నాడు’ అని రాయండి.

మూలం వారసత్వంలో ఉంది. 1275లో మొరాకో నుంచి మరీనిద్ సైన్యం దిగింది. రాజు అప్పుడు దేశంలో లేడు, పోప్‌ను కలవడానికి ఫ్రాన్స్ వైపు వెళ్ళాడు. శత్రువును ఎదుర్కోవడానికి బయల్దేరిన పెద్దకొడుకు ఫెర్నాండో దారిలో చనిపోయాడు. ఇద్దరు పసిపిల్లలు మిగిలారు. సరిహద్దును కాచి పేరు తెచ్చుకున్నవాడు రెండో కొడుకు సాంచో. ఇప్పుడు గద్దె ఎవరికి?

పాత ఆచారం బతికున్న కొడుకుకే ఇమ్మంటుంది. అల్ఫోన్సో తానే రాయించిన ధర్మశాస్త్రం ‘సీయెతె పార్తీదాస్’ రెండో భాగం మాత్రం పోయిన పెద్దకొడుకు బిడ్డకు ఇమ్మంటుంది. మన ఆస్తి పంపకాల్లో పోయినవాడి వాటా వాడి పిల్లలకు చేరడం మామూలే, కానీ గద్దెను వాటాలు వేయలేం. పిల్లల తల్లి ఫ్రాన్స్ రాజు లూయీ 9 కూతురు. అంటే మనవళ్ళ వెనక ఫ్రాన్స్ నిలబడింది. అల్ఫోన్సో మొదట సాంచో వైపు ఒరిగాడు. రాణి వియోలాంతె 1278లో మనవళ్ళను తీసుకుని పుట్టిల్లు అరగాన్ వెళ్ళిపోయింది. తర్వాత పెద్ద మనవడికి హయేన్ ప్రాంతం విడదీసి ఇద్దామని రాజు అనేసరికి సాంచో తెగతెంపులు చేసుకున్నాడు.

ఇది నిప్పురవ్వ మాత్రమే. ఎండుగడ్డి అంతకుముందే పేరుకుని ఉంది. తల్లి వైపు జర్మన్ రక్తసంబంధం చూపి అల్ఫోన్సో 1257లో పవిత్ర రోమన్ సామ్రాజ్యపు చక్రవర్తి పదవికి ఎన్నికయ్యాడు. అదే ఏడు ఇంగ్లండ్ రాజు తమ్ముడు రిచర్డ్ కూడా ఎన్నికయ్యాడు. అల్ఫోన్సో జర్మనీలో అడుగే పెట్టలేదు, కానీ 1275లో పోప్ ముందు వదులుకునేదాకా డబ్బు పోస్తూనే ఉన్నాడు. ఆ ఖర్చుకు పన్నులు పెరిగాయి, నాణెంలో వెండి తగ్గింది. ధరలు ఎగబాకితే గరిష్ఠ ధరలు నిర్ణయించాడు, అవి నిలబడలేదు. ఊరూరికీ ఉన్న పాత కట్టుబాట్ల స్థానంలో ఒకే చట్టం తేవాలనుకుంటే 1272లో పెద్ద పెద్ద ప్రభువులు తిరగబడి పొరుగు ముస్లిం రాజ్యం గ్రనాడా చేరారు, పాత కట్టుబాట్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. పార్తీదాస్ అధికారికంగా అమల్లోకి వచ్చింది ఆయన మునిమనవడు అల్ఫోన్సో 11 కాలంలో, 1348లో. అది కూడా వేరే చట్టాలు చెప్పని చోట మాత్రమే.

చివర్లో సెవియా నగరం అల్ఫోన్సో 10ను విడవలేదు. సహాయం కోసం ఒకప్పటి శత్రువు మరీనిద్ సుల్తాన్‌తోనే చేయి కలిపాడు. 1284 ఏప్రిల్ 4న సెవియాలోనే పోయాడు. సాంచోకు రాజ్యం చెందకూడదని వీలునామా రాసినా రాజైంది సాంచోనే.

చదువు వల్ల చెడ్డాడని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. చదువు ఆయన్ని ముంచలేదు, చట్టాన్ని అందరినీ ఒప్పించకముందే అమలు చేయబోవడం, ఖజానాకు మించిన కిరీటం కోరడం ముంచాయి. లాటిన్‌ను కాదని జనం మాట్లాడే భాషలో చరిత్ర, చట్టం, ఖగోళం రాయించినవాడాయన. మనవైపు తిక్కన భారతాన్ని తెలుగు చేస్తున్న శతాబ్దమే అది.

బెజవాడ పాఠకుడు

ధన్యవాదాలండీ. చెట్టు సరిచేశాను, లాటిన్ గడి కొట్టేశాను. ఒక్కటి అడగాలి. ఈయన 1283 ఆటల పుస్తకంలో పెద్ద చదరంగం ఉందట. పిల్లల కోసం అట్టతో పలక చేయొచ్చా?

పాత కాగితం

చేయొచ్చు. అడ్డం 12, నిలువు 12, మొత్తం 144 గళ్ళు. గడి 4 సెంటీమీటర్లు పెడితే పలక 48 సెంటీమీటర్లు అవుతుంది. ఒక్కొక్కరికి 12 పావులు, 12 బంట్లు. చివరి వరసలో అంచు నుంచి లోపలికి ఏనుగు, సింహం, ఖడ్గమృగం, జిరాఫీ, మొసలి, మధ్యలో రాజు పక్కన గండభేరుండం లాంటి పెద్ద పక్షి. బంట్లను రెండో వరసలో కాదు, నాలుగో వరసలో పెట్టాలి, అందరూ తప్పేది ఇక్కడే. మొసలి ఏటవాలుగా ఎంత దూరమైనా పోతుంది. పక్షి ఒక గడి ఏటవాలుగా వెళ్ళి, అక్కడి నుంచి నేరుగా సాగుతుంది. సింహం, జిరాఫీల గెంతులను పండితులు వేర్వేరుగా చదివారు, కాబట్టి పిల్లలతో మొదట ఆ రెండూ తీసేసి ఆడించండి. పుస్తకమే ఈ ఆట ఇండియా రాజులదని చెబుతుంది, ఆ వాక్యం పలక పైన పెద్ద అక్షరాల్లో వేయండి.