‘నాగావళీ గట్టు మీదను’: ఇది ముత్యాలసరమేనా?

బలగ కుర్రాడు:
మా ఆవిడ మీద రాసుకున్న నాలుగు పాదాలివి. విజయనగరంలో ఓ మిత్రుడు చదివి ఇది ముత్యాలసరం కాదు, పాట అని తేల్చేశాడు. మీరేమంటారు?

నాగావళీ గట్టు మీదను
జీడి మూటను కొంగు కట్టుక
నీవు నిలిచిన సంజె వేళకు
నీరు నిలిచెను

లఘువు గురువు:
మీ మిత్రుడిదే రైటు. 1910లో ఈ ఛందస్సు తెచ్చిన గురజాడ ప్రాసను వదిలేశారు గానీ నడకను వదల్లేదు. మూడు, నాలుగు, మళ్లీ మూడు, నాలుగు, మొదటి మూడు పాదాలకీ పద్నాలుగేసి మాత్రలు (పొట్టిగా పలికే అక్షరానికి ఒకటి, సాగేదానికి రెండు). ‘జీడి’ మూడు, ‘మూటను’ నాలుగు, ‘కొంగు’ మూడు, ‘కట్టుక’ నాలుగు, ఇది బాగుంది. మొదటి పాదంలో మాత్రం ‘నాగా’ నాలుగు, ‘వళీ’ మూడు, తిరగబడింది. పైగా నాగావళిని సాగదీశారు, ‘మీదను’లో ‘ను’ ఒట్టి మాత్ర కోసం పెట్టిందే.

చాపు తాళం:
మొత్తం పద్నాలుగు సరిపోయాక ఇంకేటండీ? తకిట తకధిమి కాస్తా తకధిమి తకిట అయింది, పాడి చూడండి, ఏడు ఏడే. నా గొడవ వేరు. ప్రేమ కవితకి అంత్యప్రాస ఉండొద్దా? మీదను, కట్టుక, వేళకు... చెవికి ఏదీ తగల్లేదు.

లఘువు గురువు:
అంత్యప్రాస కావాలంటే రగడ అనే ఛందస్సులో రాసుకోండి. ‘నీవు నిలిచిన’ అన్నదానికి ‘నీరు నిలిచెను’ జవాబు చెబుతోంది, అంతకంటే ఏం కావాలి? ఇక పాడితే కరెంటు బిల్లు కూడా తాళంలో పడుతుంది, చదివినప్పుడే కదా తడబాటు తెలిసేది. ‘వంశధారా గట్టు’ అనండి, అతికినట్టు కుదురుతుంది.

బలగ కుర్రాడు:
బాబోయ్, మా ఇంటి వెనకే నాగావళి. నది మార్చానంటే ఆ గట్టు మీద నిలబడింది ఎవర్తని ఇంట్లో అడుగుతారు.

కోట జంక్షన్:
నది మార్చొద్దు, దాని చోటు మార్చండి.

ఏటి గట్టున సంజె వేళకు
జీడి మూటను కొంగు కట్టుక
నీవు నిలిచిన తీరు చూస్తూ
ఆగె నాగావళి

‘ఆగె’ మూడు, ‘నాగా’ నాలుగు, ‘వళి’ తోక. చివర్న తోక తెగితే తప్పేం లేదు, ‘దేశమంటే మనుషులోయ్’ అన్నప్పుడు ఆ ‘లోయ్’ రెండు మాత్రలే కదా.

లఘువు గురువు:
తూకం ఒప్పుకుంటాను. కానీ ‘నీరు నిలిచెను’ ఎగిరిపోయింది. పద్యంలో నాకు నచ్చిందే అది.

బలగ కుర్రాడు:
రెండూ మా ఆవిడకి వినిపించాను. మాత్రల సంగతి తర్వాత, ఆ రోజు నేను తెచ్చింది జీడిపప్పు కాదు, పనసతొనలు అంది. ‘పనస తొనలను కొంగు కట్టుక’, లెక్క సరిపోయింది కదా గురువుగారూ?