ఉక్కపోతలో హాఫ్ మారథాన్: మన డెల్టా రోడ్ల మీద ఎలా నెట్టుకొస్తున్నారు?

పాలకొల్లు_పరుగు
హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ హాఫ్ రెండు గంటల లోపే అయిపోయేది. ఊరికొచ్చాక అవే కాళ్లు, అదే గుండె, కానీ పది కిలోమీటర్లకే ఊపిరి అందట్లేదు. వాచీలో గుండె వేగం 170 దాటి కూర్చుంటోంది. సెప్టెంబరు చివర్లో ఒక హాఫ్‌కి పేరిచ్చాను. మొత్తం తారురోడ్డు, సగం దూరం చెట్టన్నదే లేదు. పేస్ (పరుగు వేగం) ఎంత తగ్గించాలి? నీళ్లు ఎంత తాగాలి? తడిస్తే బరువెక్కని బూట్లు ఏవి? ప్రాక్టీసు పొద్దున్న మంచిదా, సాయంత్రమా? పరిగెత్తినవాళ్లు చెప్పండి.

అంబాజీపేట_అన్న
కోనసీమ పక్కనే ఉండి నీళ్ల గురించి బెంగేంటి తమ్ముడూ? బయల్దేరే ముందు ఒక లేత బొండం, అయిపోయాక రెండు. నేను ఏళ్ల తరబడి ఇదే పద్ధతి. కంపెనీ పొడులు, రంగు నీళ్లు ఒక్కటి ముట్టలేదు. ఈ మట్టి ఇచ్చిన దాన్ని మించింది ఏ డబ్బాలోనూ ఉండదు.

తణుకు_తారురోడ్డు
నీళ్లూ బూట్లూ తర్వాత. ముందు రేసు ఎన్నింటికి మొదలుపెడతారో కనుక్కోండి. కాగితం మీద 5 గంటలని వేస్తారు. ముఖ్య అతిథి గారు నిద్ర లేచి, దండలు పడి, జెండా ఊపేసరికి ఆరున్నర. మేం పరిగెత్తిన చోట అదే జరిగింది. ఆఖరి ఏడు కిలోమీటర్లు నెత్తి మీద ఎండ. అంతసేపు నిలబెట్టినవాళ్లకి మంచినీళ్లు కూడా లేవు. జెండా పిల్లాడి చేత ఊపించినా పరుగు పరుగే. ఈ తీరు మారేదాకా నేను పేరివ్వను.

వ్యాయామం_మాస్టారు
జిల్లా స్థాయికి, రాష్ట్ర స్థాయికి పిల్లల్ని తయారుచేసినవాడిగా చెబుతున్నాను, జాగ్రత్తగా వినండి. హైదరాబాద్ పేస్‌ని ఇక్కడ అడగకూడదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారితే కాదు. మన దగ్గర సార్వా (వానాకాలపు వరి) చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు గాలి అప్పటికే ఆవిరితో నిండి ఉంటుంది, చెమటకి ఆరే చోటే దొరకదు. అప్పుడు గుండె ఒక పక్క కాళ్లకీ, ఇంకో పక్క చర్మానికీ రక్తం తోడాలి. 170 అందుకే.

2019 దోహా ప్రపంచ పోటీల్లో ఆడవాళ్ల మారథాన్‌ని వేడికి భయపడి అర్ధరాత్రి పెట్టారు. అయినా 68 మందిలో 40 మందే గీత దాటారు. గెలిచినామెకి 2 గంటల 32 నిమిషాలు పట్టింది. అదే ఏడాది దుబాయ్‌లో ఆవిడ 2:17:08కి పూర్తిచేసిన మనిషి. ప్రపంచ విజేతే పావుగంట వదులుకుంటే మనమెంత? వాచీలో పేస్ కనపడకుండా పెట్టి, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలో వెళ్లు. రెండు వారాలు రోజూ గంటసేపు ఈ ఉక్కలోనే పరిగెత్తితే రక్తంలో నీటి వంతు పెరుగుతుంది, చెమట ముందే పడుతుంది, దాంట్లో ఉప్పు తగ్గుతుంది. ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీద ఇది రాదు.

భీమవరం_సిస్టర్
అంబాజీపేట అన్నగారూ, బొండం మీద గౌరవం ఉంది కానీ రెండు గంటల పైన పరిగెత్తేవాళ్లకి అదొక్కటే చాలని చెప్పకండి. బొండంలో దండిగా ఉండేది పొటాషియం. చెమటలో పోయేది సోడియం, మనిషిని బట్టి మారినా లీటరుకి ఇంచుమించు ఒక గ్రాము. బొండంలో అది తక్కువ. చెమట ధారగా కారేవాళ్లు ఓఆర్ఎస్ పక్కన పెట్టుకోవాలి. ఇప్పటి ప్యాకెట్టులో లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి.

అంబాజీపేట_అన్న
ఆస్పత్రి లెక్కలు ఆస్పత్రిలో పెట్టుకోండమ్మా. మా తోటల్లో దింపు తీసేవాళ్లు పొద్దుటినుంచీ చెట్లెక్కి దిగుతారు. మీ ప్యాకెట్లు తాగుతున్నారా? ఒక్కడు పడిపోవడం నేను చూడలేదు.

లొల్ల_లాకులు
అన్నా, ఆ దింపువాళ్లు పొద్దున్నే ఏం తాగి ఎక్కుతారో చెప్పలేదేం? ఉప్పేసిన తరవాణి (పులిసిన అన్నం నీళ్లు), చద్దన్నం, ఊరగాయ. సోడియం అక్కడ లోపలికి పోతోంది. బొండం దాని మీద పడుతోంది. మా నాన్న చేలో పనికి ఉప్పు మజ్జిగ చెంబు లేకుండా వెళ్లింది లేదు.

అంబాజీపేట_అన్న
చద్దన్నం తిని 21 కిలోమీటర్లు పరిగెత్తమంటావా? కొబ్బరి మీద బతికే ఊళ్లలో ఉండి కొబ్బరినే తక్కువ చేస్తున్నారు. రేటు పడ్డప్పుడల్లా రైతు ఏడుస్తుంటే ఇక్కడ కూడా బొండాన్ని తోసేసి ప్యాకెట్టుకి దణ్ణం పెడుతున్నారు. బాధగా ఉంది.

భీమవరం_సిస్టర్
రైతు సంగతి వేరే, పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూలబడిన మనిషి సంగతి వేరే. నేను రెండోవాళ్లని చూసేదాన్ని. బొండం తాగండి, అందులో చిటికెడు ఉప్పు వేసుకోండి. అంతకన్నా నేనేం అడగలేదు.

ఇంకో మాట. భయంతో ప్రతి నీళ్ల బల్ల దగ్గరా రెండేసి గ్లాసులు ఒంపుకోవడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసినవాళ్లలో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం పడిపోయి ఉంది. దారిలో తాగి తాగి బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. పరుగుకి ముందూ తర్వాతా బట్టల్లేకుండా తూకం చూసుకోండి. కిలో తగ్గితే లీటరు పోయినట్టు. మధ్యలో తాగింది దానికి కలపండి. మీ ఒంటికి గంటకి ఎంత పోతుందో తెలిసిపోతుంది.

రాజోలు_ఫౌజీ
నేను ఆర్మీ ర్యాలీకి 1600 మీటర్లు ప్రాక్టీసు చేస్తున్నా. ఫోన్‌లో పొద్దున్న 5కి తేమ 94 శాతం, సాయంత్రం 4కి 62. నాలుగింటికి పైరగాలి కూడా తగులుతుంది. సాయంత్రమే మేలు కదా అన్నా?

వ్యాయామం_మాస్టారు
1600కీ 21 కిలోమీటర్లకీ సంబంధం లేదు. అయిదారు నిమిషాల్లో ఒళ్లు అంత వేడెక్కదు. ఆ శాతం కూడా నమ్మకు. గాలిలో ఆవిరి రెండు పూటలా దాదాపు అంతే. గాలి వేడెక్కితే పట్టే శక్తి పెరిగి శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. చూడాల్సింది డ్యూ పాయింట్, అంటే గాలి ఎన్ని డిగ్రీలకి చల్లబడితే అందులో ఆవిరి నీటిబొట్లుగా మారుతుందో ఆ అంకె. మన దగ్గర వానాకాలమంతా అది 24 డిగ్రీల పైనే ఉంటుంది. పైగా సాయంత్రం తారు కింద నుంచి సెగ కొడుతుంది.

రాజోలు_ఫౌజీ
మాస్టారూ, మీరు ఏ కాలం మాట చెబుతున్నారు? మే నెలలో పడమటి గాలికి 42 డిగ్రీల్లో పరిగెత్తాను, చొక్కా పొడిగానే ఉంది. ఇప్పుడు 31కే పిండేస్తే నీళ్లు కారుతున్నాయి.

వ్యాయామం_మాస్టారు
నేను చెప్పిందే నువ్వూ చెబుతున్నావు బాబూ. పడమటి గాలి పొడి గాలి, చెమట పడీ పడగానే ఆరిపోతుంది. అందుకే ఎంత పోయిందో తెలియదు, వడదెబ్బ అక్కడే కొడుతుంది. రోహిణి కార్తెలో ఆ సాహసం మళ్లీ చేయకు.

కాకినాడ_వాలంటీరు
వడదెబ్బ అన్నారు కాబట్టి ఇది అందరూ చదవాలి. రేసుల్లో మెడికల్ టెంటు దగ్గర ఉంటాను. చర్మం పొడిబారితేనే వడదెబ్బ అనుకుని చూస్తూ కూర్చుంటారు. పరిగెత్తి పడిపోయినవాళ్లకి చెమట కారుతూనే ఉంటుంది. మాట తడబడుతోందా, అడుగు తప్పుతోందా, అడ్డదిడ్డంగా మాట్లాడుతున్నారా, అది చూడండి. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మతి తప్పితే ప్రతి నిమిషమూ ప్రాణమే. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ నీడలో పడుకోబెట్టి విసనకర్రతో విసరడం చాలదు. మెడదాకా చల్లనీళ్లలో ముంచాలి, తల మునగకుండా పట్టుకోవాలి, ముందు చల్లార్చి ఆ తర్వాతే పంపాలి.

మన ప్రాంతంలో ఐసుకి కొదవేంటి? రొయ్యల ప్యాకింగుకి దిమ్మలు దిమ్మలు కొడుతున్నారు. పెద్ద ప్లాస్టిక్ తొట్టి, నాలుగు దిమ్మలు, ఒక ట్యాంకరు నీళ్లు. టీషర్టుల ఖర్చులో ఇదెంత? నిర్వాహకుల్ని అడగాల్సింది మెడల్ ఏ రంగన్నది కాదు, తొట్టి ఉందా లేదా అని.

తణుకు_తారురోడ్డు
మేం పరిగెత్తిన చోట టెంటులో ఉన్నది ఒక బల్ల, ఒక స్ప్రే డబ్బా. అడిగితే కసిరారు.

లొల్ల_లాకులు
పొద్దున్న అంటే నాలుగున్నరకే. బొబ్బర్లంక నుంచి కాలవ వెంబడి ఆత్రేయపురం వైపు రండి, చెట్ల నీడ ఉంటుంది, నీళ్ల మీద గాలి తగులుతుంది. హైవే వద్దు, లారీలు. ధవళేశ్వరం బ్యారేజీ మీద చూడ్డానికి బాగుంటుంది కానీ ఏడు దాటితే నీడే లేదు. గట్టు రోడ్డు ఒక పక్కకి వాలి ఉంటుంది, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే అంచున పరిగెత్తండి, వాలు రెండు కాళ్లకీ సమంగా పడుతుంది. లేకపోతే మోకాలి బయటివైపు పట్టేస్తుంది.

అంబాజీపేట_అన్న
ఒకే అంచున వెళ్తే ఒక పూట వెనకనుంచి బండి వస్తుంది. ఎదురొచ్చే బండి కనిపించేలా కుడి పక్కనే పోవాలి. ఇసుక ట్రాక్టర్లకి లైట్లుండవు.

లొల్ల_లాకులు
నిజమే అన్నా. చీకట్లో కుడి పక్కే. తెల్లారాక నేను చెప్పినట్టు.

పాలకొల్లు_పరుగు
అందరికీ దణ్ణాలండీ. బూట్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

భీమవరం_సిస్టర్
పైన వల ఉండి నీళ్లు బయటికి పోయేవి తీసుకోండి, పేరు ఏదైనా ఒకటే. నూలు మేజోళ్లు మాత్రం వద్దు, తడిసి పొక్కులు తెస్తాయి. తొడల మధ్యా చంకల్లోనూ వాజెలిన్ దట్టంగా రాయండి.

అంబాజీపేట_అన్న
వాజెలిన్ ఎందుకు, కొబ్బరినూనె ఉండగా?

భీమవరం_సిస్టర్
చెమట ధారకి నూనె అరగంటలో కొట్టుకుపోతుంది అన్నగారూ. వాజెలిన్ జిగటగా నిలుస్తుంది.

రాజోలు_ఫౌజీ
అరగంటేం కాదు, నాకు గంట పైనే ఉంటుంది. గడ్డకట్టిన నూనె రాయాలి.

వ్యాయామం_మాస్టారు
ఈ ఉక్కలో నూనె గడ్డకట్టేదెక్కడ బాబూ? అది 24 డిగ్రీలకే కరిగిపోతుంది.